పువ్వుకు పేలని తుపాకి

మణిశైల రాజ్యంలో చిన్న రాకుమారి మధూలిక పోయింది ఆయుధపూజ నాడు.

ఆ ఉదయం కోట ఎప్పటికన్నా అందంగా ఉంది. తూర్పు బురుజు మీద ఎండ పడగానే గోడల్లో పొదిగిన పచ్చరాళ్ళు ఒకటొకటిగా మేలుకుని వెలిగాయి. రాజవీధిలో ఏనుగుల తొండాల మీద చందనపు గీతలు, గుర్రాల మెడల్లో మువ్వలు, కత్తుల ఒరల మీద పసుపు, బల్లేల కొసలకు నిమ్మకాయలు. ఆకాశం కూడా పండుగ బట్ట కట్టుకున్నట్టు ఎక్కడా మరక లేకుండా నీలంగా ఉంది.

మణిశైలంలో ఒక ఆచారం ఉండేది. ప్రతి ఇంట్లోనూ తలుపు వెనక ఒక తుపాకి వేలాడుతుంది. మందు దట్టించి, తూటా వేసి, చెకుముకి కొక్కెం పైకెత్తి మరీ వేలాడదీస్తారు. ఖాళీ తుపాకి ఉన్న ఇల్లు దీపం లేని ఇల్లని పెద్దల మాట. దేవుడి ముందు వత్తి ఆరిపోకుండా చూసుకున్నట్టే, తుపాకిలో మందు చెమ్మగిల్లకుండా చూసుకునేవారు. రాజుగారి మందిరమైనా అంతే, రజకుడి గుడిసె అయినా అంతే.

ఏడేళ్ళ మధూలిక ఆ రోజు తనంతట తాను బంతిపూల దండ గుచ్చింది. ఆయుధాలన్నిటికీ పురోహితులు పూలు పెట్టారు గాని, నాన్నగారి తుపాకిని మరిచిపోయారని దాని దిగులు. పీట వేసుకుని ఎక్కి, దండ వేసింది. వంకరగా పడిందని సరిచేయబోయింది. దండ దారం తుపాకిని పేల్చే మీటకు తగులుకుని ఉంది.

ఆ తరవాతి సంగతి చెప్పడానికి మాటలు ఎక్కువ అక్కర్లేదు. దక్షిణ వాకిట్లో గుర్రాన్ని తోముతున్న అన్న సుధన్వుడు శబ్దం విని పరుగెత్తుకొచ్చాడు. అతను వచ్చేసరికి పూలు నేల మీద ఉన్నాయి.

కర్మలన్నీ ముగిసిన మర్నాడు మహారాజు హేమకేతుడు ఆజ్ఞ జారీ చేశాడు. వచ్చే అమావాస్య లోగా రాజ్యంలోని తుపాకులన్నీ కాళిమడుగులో పడిపోవాలి. దాచినవాడి చెయ్యి నరకబడుతుంది.

సుధన్వుడు తండ్రి దగ్గరికి వెళ్ళాడు. రాజు సింహాసనం మీద లేడు. కిటికీ పక్కన పీట మీద కూర్చుని ఉన్నాడు.

"నాన్నగారూ, ఈదురుగండి ఊరి సంగతి ఆలోచించారా? ధూమగిరి నుంచి ఆ మాంత్రికుడి రెక్కచిరుతలు దిగితే అక్కడివాళ్ళు ఏం పెట్టి తోలుతారు?"

"సైన్యాన్ని పంపుతాను."

"సైన్యం చేతిలో మాత్రం ఏముంటుంది? ఆ చర్మంలో బాణం దిగదు. కత్తి అందేంత దగ్గరికి అవి రానివ్వవు."

రాజు తలెత్తకుండానే అన్నాడు. "నా చేత్తో నేనే తగిలించాను నాయనా, ఆ తుపాకిని. తుపాకి లేకపోతే చిట్టితల్లి ఉండేది. అంతకుమించి నాకేమీ తోచడం లేదు."

"అది చేసిన తీరులో లోపం ఉంది నాన్నగారూ. పూలదండ తగిలినా పేలే వస్తువును చేశాం, దాన్ని తలుపు వెనక పెట్టుకున్నాం. పెద్దవాళ్ళ చేతికి తప్ప లొంగని తుపాకిని చేయించలేమా?"

"అలాంటిది ఉంటే," అన్నాడు రాజు, "ఆ రోజే ఉండవలసింది."

సుధన్వుడు వంగి తండ్రి పాదాలు తాకాడు. రాజు అతని తల మీద చెయ్యి వేసి, ఆ చెయ్యి తియ్యడం మరిచిపోయినట్టు అలాగే ఉంచాడు. చివరికి అన్నాడు. "అమావాస్య దాకా వెళ్ళి వెతుకు. ఆజ్ఞ మాత్రం మారదు. దొరికితే తెచ్చి చూపించు. దొరక్కపోతే ఇంటికి రా. నువ్వు ఇంటికి రావడం ముఖ్యం."

తుపాకులు చెయ్యడంలోనూ, తాళాలు చెయ్యడంలోనూ రాజ్యం మొత్తం మీద పేరున్నది ఈదురుగండిలోని ఓబుళమ్మ కొలిమికి. కాని ఆజ్ఞ వెలువడిన రోజుల్లో రాకుమారుడే గుర్రమెక్కి వస్తే ఏ కొలిమి తలుపూ తెరుచుకోదు. అందుకని సుధన్వుడు పట్టుబట్టలు విప్పి, ముతక పంచె కట్టి, భుజాన గాజుల మలారం వేసుకున్నాడు. గాజులవాడికి తెరవని గడప లేదు. తోడుగా రాచవంటశాలలో గరిట తిప్పే బొర్రయ్య బయలుదేరాడు. పొట్ట ముందు, మనిషి వెనక. ధైర్యం సంగతి అడగకూడదు గాని, రాకుమారుణ్ణి పస్తు ఉంచడు.

"బాబూ, మీకు గాజులెక్కించడం వచ్చునా?" అన్నాడు బొర్రయ్య పొలిమేర దాటగానే.

"చూశాను."

"నేనూ ఏనుగెక్కడం చూశాను," అన్నాడు బొర్రయ్య.

దారిలో నిద్రలోయ ఉంది. అక్కడ నేలంతా ఊదారంగు పూలు పరుచుకుని ఉంటాయి. వాటి గాలి సోకితే మనిషి నవ్వుతూ నిద్రపోయి నవ్వుతూనే ఎముకల గూడవుతాడు. అలాంటి గూళ్ళు పూల మధ్య తెల్లగా కనిపిస్తూనే ఉన్నాయి. బొర్రయ్య తన మూటలోంచి మిరియాలు తీసి దంచి ఇద్దరి ముక్కుల్లోనూ కూరాడు. లోయ పొడవునా తుమ్ముకుంటూ, కళ్ళనీళ్ళు కారుస్తూ పరుగెత్తి ఆవలి గట్టు చేరారు. అక్కడ వాగు పొంగుతోంది. అడ్డంగా పడి ఉన్న మాను మీదుగా దాటుతుండగా నడిమధ్యలో మాను కదిలింది. అది మాను కాదు, కొండచిలువ. దాని తల ఆవలి ఒడ్డున పొదలోంచి లేచి వెనక్కి తిరిగేలోగా సుధన్వుడు బొర్రయ్య మెడపట్టుకుని ఒక్క దూకులో ఒడ్డున పడ్డాడు. మలారం తడవలేదు. బొర్రయ్య మాత్రం మూటలోని పప్పంతా వాగు పాలైందని సాయంత్రం దాకా ఏడ్చాడు.

ఈదురుగండి రెండు కొండల మధ్య ఇరుక్కున్న ఊరు. గాలి అక్కడ ఎప్పుడూ ఒకవైపునుంచే వీస్తుంది. చెట్లన్నీ పడమటికి వంగి, ఎవరి మాటో చెవి ఒగ్గి వింటున్నట్టు ఉంటాయి. ఊరికి ఎగువన నల్లగా ధూమగిరి. దాని శిఖరం మీద పొగ ఎన్నడూ విడవదు. ఆ పొగలోనే ధూమకేశుడనే మాంత్రికుడు తన రెక్కచిరుతల్ని పెంచుతున్నాడు. రెక్కలు గబ్బిలానివి, ఒళ్ళు చిరుతది, ఆకలి మాత్రం రెండింటిదీ. వాటికి భయమంటూ ఉంటే అది తుపాకికే.

"గాజులమ్మా గాజులూ!" అని సుధన్వుడు కేకవేయగానే ఆడవాళ్ళు మూగారు. అతను మొదటి చేతికి ఎక్కించబోయిన నాలుగు గాజుల్లో మూడు పగిలాయి.

"ఏమప్పా గాజులోడా!" అంది ఒక ముసలామె అరుగు మీంచి. నోటినిండా తాంబూలం, చేతులకు మోచేతి దాకా మసి. "నువ్వు ఎక్కిచ్చేదాని కంటే పగలగొట్టేదే ఎక్కువుండాదే. ఎవురన్నా మొగుడి మీద కోపమొచ్చినోళ్ళుంటే నీ కాడికి పంపిస్తా!"

ఆడవాళ్ళంతా ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. ఆమే ఓబుళమ్మ. పక్కన ఆమె కోడలు సుంకులు. సన్నటి మణికట్టు. ఓబుళమ్మ కొడుకు కొండగట్టు మీద కావలి ఉన్నాడు. అత్తాకోడళ్ళది ఒకే కొలిమి. ఇంటి లోపల ఉయ్యాలలో ఆర్నెల్ల పసివాడు.

సుంకులు చేతికి గాజు సగం ఎక్కి ఇరుక్కున్న సమయంలో పసివాడు గుక్కపట్టాడు. "అప్పా, నువ్వే రవ్వంత ఊపప్పా, నా చెయ్యి ఇడ్సుకోలేకుండా ఉండా," అంది సుంకులు. సుధన్వుడు లోపలికి వెళ్ళి ఉయ్యాల తాడు పట్టుకున్నాడు.

ఊపగానే అతనికి తేడా తెలిసింది. ఆర్నెల్ల పసివాడి బరువు కాదు అది. మధూలిక ఉయ్యాలను అతను ఎన్ని మధ్యాహ్నాలు ఊపాడో ఆ చేతులకు గుర్తుంది. పక్కబొంత అంచు ఎత్తి చూశాడు.

బొంత కింద తుపాకి ఉంది. కొక్కెం పైకెత్తి ఉంది. పసివాడి మడమ మీటకు ఆనుకుని ఉంది.

పసివాడు ఇంకో గుక్కకు సిద్ధమై కాలు తన్నాడు. కొక్కెం పడింది. సుధన్వుడి చూపుడువేలు అప్పటికే చెకుముకికీ, మందుగిన్నెకూ మధ్య ఉంది. రాయి ఎముక దాకా దిగింది. నిప్పురవ్వ పుట్టలేదు.

అతను అరవలేదు. రెండో చేత్తో పసివాణ్ణి తీసి భుజాన వేసుకుని, తుపాకిని వేలితో సహా బయటికి తెచ్చి అరుగు మీద పెట్టాడు. నవ్వులన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. సుంకులు పరుగున వచ్చి బిడ్డను లాక్కుని, వాడి కాళ్ళు, చేతులు, పొట్ట తడిమి తడిమి చూసుకుంది.

"తొట్లో ఎతకరు గదా అనీ..." అంది. మాట పూర్తి కాలేదు.

"మందు తీసేసి దాచొచ్చు కదమ్మా?" అన్నాడు బొర్రయ్య.

"ఖాళీ తుపాకి ఇంట్లో పెట్టుకుంటారా ఎవురన్నా?" అని వెనకనుంచి ఎవరో అన్నారు. అని, తమ మాట తమకే వినిపించినట్టు ఊరుకున్నారు. కాసేపటికి జనంలోంచి ఒకామె గబగబా ఇంటికి వెళ్ళిపోయింది. తరవాత ఇంకొకామె. ఎవరెవరు ఎక్కడెక్కడ దాచారో వాళ్ళకే తెలుసు. గాదెలో, పిల్లల పరుపు కింద, ఆవుదూడ మేసే గడ్డిలో.

ఓబుళమ్మ కొక్కెం ఎత్తి వేలు విడిపించింది. నీళ్ళు తెచ్చి కడిగింది. పసుపు అద్ది కొంగు చింపి కట్టు కట్టింది. "పట్టుకునేదానికి ఎట్ల తెలిసె నీకు? గాజులోడి చేతికి తెలిసే పని గాదే ఇది."

"మా చెల్లెలు పోయిందమ్మా. ఇలాంటి దానివల్లే. పూలదండ వెయ్యబోయి."

ఓబుళమ్మ కట్టు ముడి వేస్తున్న చెయ్యి ఆగిపోయింది. పూలదండ కథ ఆ రాజ్యంలో తెలియనివాళ్ళు లేరు. ఆమె దండం పెట్టలేదు, లేచి నిలబడలేదు. ముడి నెమ్మదిగా, నొప్పి తెలియకుండా బిగించింది. "నాయనా," అంది. "అన్నం తిందువు రా."

అన్నం తిన్నాక సుధన్వుడు వచ్చిన పని చెప్పాడు. ఓబుళమ్మ విని, తమలపాకుల పెట్టె ముందేసుకుని, అడకత్తెర తీసి వక్క కత్తిరించసాగింది. సుధన్వుడు ఆ చేతినే చూస్తూ కూర్చున్నాడు. భోజనాలయ్యాక అమ్మగారికి వక్కలు కత్తిరించే పని మధూలిక తనదేననేది. రెండు చేతులూ పెట్టి, పెదవి కొరికి, మొహం ఎర్రబడేదాకా నొక్కేది. వక్క నలిగేది కాదు. చివరికి వెనక్కి తిరిగి, "అన్నయ్యా, నువ్వు నొక్కు," అనేది.

"అమ్మా," అన్నాడు సుధన్వుడు, "ఆ అడకత్తెర అంత బిగువుగా పిడి వెనక రెండో మీట ఒకటి పెడితే? అరచెయ్యి దాన్ని నొక్కి పట్టుకుంటేనే మొదటి మీట కదలాలి. పసిచెయ్యి నొక్కలేదు. దండకు అరచెయ్యి లేదు."

ఓబుళమ్మ వక్క నోట్లో వేసుకోవడం ఆపింది. "ఇనేదానికి బాగుండాది. మరి మా సుంకులు నొక్కొద్దా? గండి కాడ మొగోళ్ళు చాలకపోతే ఆడోళ్ళే గదప్పా కాల్చేది. సుంకులు చెయ్యి సూడు, కాకరకాయంత."

సుధన్వుడు మలారం విప్పాడు. ఊళ్ళో ఆడవాళ్ళందరి చేతి కొలతలూ అందులో ఉన్నాయి, ఎవరికి ఏ గాజు పట్టిందో, ఏది విరిగిందో. అన్నిటికన్నా చిన్నది సుంకులుదే. ఆ గాజును కొలిమి గోడకు తగిలించి, ఆ చేతికి సరిపోయే మీట సాగదీయడం మొదలుపెట్టింది ఓబుళమ్మ. కొలిమితిత్తి బొర్రయ్య ఊదాడు. "వంటశాల పొగకూ దీనికీ ఏం తేడా లేదు, చివర తినడానికే ఏమీ ఉండదు," అని సణుగుతూనే ఊదాడు.

మొదటి తుపాకి తయారైన సాయంత్రం, మందు లేకుండా, ఊళ్ళోని పిల్లల్ని పిలిచారు. ఎవరు పేల్చితే వాళ్ళకు బెల్లం ముక్క. ఒకడు నొక్కి నొక్కి చతికిలబడ్డాడు. ఇంకొకడు నాలుక బయటపెట్టి నొక్కాడు. వీధి అంతా నవ్వు. అప్పుడు ఈరమ్మ అనే పిల్ల వచ్చింది. మధూలిక ఈడుదే. ముందు పళ్ళు లేవు. అది తుపాకిని నేల మీద నిలబెట్టి, పిడిని రెండు మోకాళ్ళ మధ్య ఇరికించి బిగించి, వంగి వేలితో మీట లాగింది.

టక్కుమని కొక్కెం పడింది.

"బెల్లం!" అంది ఈరమ్మ, చెయ్యి చాపి.

అందరూ చప్పట్లు కొట్టారు. సుధన్వుడు గోడకు ఆనుకున్నాడు. ఓబుళమ్మ అతని మొహం చూసి, పిల్లలందరికీ బెల్లం పెట్టి పంపేసి, "ఈ దొంగపిల్లకు మొక్కాల నాయనా," అంది. "ఇప్పుడు తెలియబట్టె సరిపాయె. కొలిమిలో ఉండంగ తెలిసిన తప్పు తప్పు గాదు."

మళ్ళీ కూర్చున్నారు. రెండో మీటను పిడి వంపులోకి, బొటనవేలు చుట్టి పట్టుకుంటే తప్ప అందని చోటికి మార్చింది ఓబుళమ్మ. మొదటి మీట చుట్టూ ఇనుపవలయం కట్టింది, దారాలు, కొమ్మలు, కాళ్ళు తగలకుండా. మోకాళ్ళతో ఇరికిస్తే వలయంలోకి వేలు చేరదు. చెయ్యి చేరితే పట్టు సడలుతుంది. ఈరమ్మను మళ్ళీ పిలిచారు. ఆ పిల్ల మోకాళ్ళు పెట్టింది, కడుపు ఆనించింది, చివరికి పళ్ళు లేని చిగుళ్ళతో కొరికింది కూడా. కొక్కెం కదల్లేదు. ఈరమ్మకు ఏడుపొచ్చింది. సుధన్వుడు ఆ పిల్లను ఎత్తుకుని బెల్లం మొత్తం దాని ఒళ్ళో పోశాడు. చాలాసేపు కిందికి దించలేదు. ఈరమ్మ బెల్లం చప్పరిస్తూ, "నువ్వేంది మామా ఏడుస్తాండావు, నేను గదా ఓడిపోయింది," అంది.

తరవాత సుంకులు పట్టుకుంది. కాకరకాయంత చెయ్యి. రెండో మీట వేళ్ళ కింద మెత్తగా ఒదిగింది. కొక్కెం పడింది.

ఆ తుపాకిని తలుపు వెనక మేకుకు తగిలించబోతూ సుంకులు ఆగింది. "అత్తా, మందు బొయ్యలేదే."

"ఖాళీగానే పెట్టు."

"దీపం లేని ఇల్లంటారు గదత్తా?"

ఓబుళమ్మ ఉయ్యాల వైపు చూసింది. "దీపం తొట్లో నిద్రపోతాంది. ఊరికే ఉండు," అంది.

మర్నాడు పొద్దున్నే ఊరి బయట మైదానంలో నిజమైన మందుతో కాల్చి చూడాలనుకున్నారు. ఓబుళమ్మ మందు దట్టించి తూటా వేసి తుపాకిని చేత్తో పట్టుకుని అరుగు దిగింది. సరిగ్గా అప్పుడే రాజముద్ర ఉన్న ఎడ్లబండి ఒకటి ఊళ్ళోకి వచ్చింది. ఆజ్ఞ ప్రకారం తుపాకులు పట్టుకుపోయే బండి. తోలేవాడు పొడుగ్గా, ఎండిన తుమ్మకొమ్మలా ఉన్నాడు. తల మీద గంపంత తలపాగా.

ఊరివాళ్ళు సుధన్వుడి మొహం చూశారు. అతనెవరో ఇప్పుడు అందరికీ తెలుసు. అతను తలవంచి, "ఇచ్చెయ్యండి. ఆజ్ఞ ఆజ్ఞే. మారేదాకా నేనైనా దానికి లోబడాలి," అన్నాడు. "మందు మాత్రం తీసి ఇవ్వండి."

"అక్కర్లేదు," అన్నాడు బండివాడు గబుక్కున. "ఉన్నవి ఉన్నట్టే వెయ్యండి. మడుగులో పడేవాటికి మందుంటేనేం, లేకపోతేనేం?"

గాదెల్లోంచి, పరుపుల కిందనుంచి, గడ్డిలోంచి తుపాకులు వచ్చి బండి నిండింది. బొర్రయ్య బండి చుట్టూ తిరిగాడు. ముక్కు ఎగబీల్చాడు. వంటవాడి ముక్కు.

"ఏమయ్యా బండి బాబూ," అన్నాడు, "నీ తలపాగాలోంచి పొగొస్తోంది. లోపల అన్నమేమైనా పెట్టావా? అడుగంటుతోంది చూసుకో!"

బండివాడు తల మీద చెయ్యి వేసుకున్నాడు. ఆ చేతికింద తలపాగా కాలి, బూడిదై రాలింది. దాని కింద వెంట్రుకలు లేవు. నల్లని పొగ, జడలు జడలుగా, పాముల్లా లేచి ఆకాశానికి పాకింది. సూర్యుడు మసకబారాడు.

"ధూమకేశుడు!" అని ఎవరో కేకవేశారు.

మాంత్రికుడు ఈల వేశాడు. ధూమగిరి శిఖరం మీద పొగ చీలి, అందులోంచి రెక్కచిరుతలు గుంపుగా దిగాయి. రెక్కల గాలికి పెంకులు లేచాయి. ఎడ్లు రంకెలు వేశాయి. జనం బండి వైపు ఉరికారు. కాని బండి చుట్టూ పొగ గోడ కట్టింది. ఊళ్ళో ఉన్న తుపాకులన్నీ ఆ గోడ లోపల ఉన్నాయి. బయట ఉన్నది, రాజుకు చూపించడానికని ఉంచిన కొత్తది ఒక్కటే.

ధూమకేశుడు ఒక్క అంగలో వచ్చి ఓబుళమ్మ చేతిలోంచి దాన్ని లాక్కున్నాడు. కొక్కెం ఎత్తి సుధన్వుడి గుండెకు గురిపెట్టాడు. "రాకుమారా, మీ నాన్న రాజ్యంలో తుపాకులన్నీ ఏరి నా ఇంటికి పంపుతున్నాడు. ఆయన కొడుకును మాత్రం నేనే పంపాలి!" అని మీట లాగాడు.

తుపాకి పలకలేదు.

మళ్ళీ లాగాడు. పొడుగాటి వేళ్ళ కొసలతో, పుల్లలతో నిప్పుకణిక పట్టుకున్నట్టు పట్టుకున్నాడు వాడు. అరచెయ్యి పిడికి తగలనేలేదు. వాడు మూడోసారి లాగేలోగా సుధన్వుడు వాడి నడుము మీద పడ్డాడు. ఇద్దరూ దొర్లారు. తుపాకి జారి మట్టిలో పడింది. కొక్కెం ఎత్తే ఉంది. పడ్డా పేలలేదు.

అప్పుడే అన్నిటికన్నా పెద్ద చిరుత రెక్కలు ముడిచి ఓబుళమ్మ ఇంటి మీదికి దిగింది. తలుపు తెరిచే ఉంది. లోపల ఉయ్యాల ఊగుతోంది. సుంకులు మట్టిలోంచి తుపాకి తీసింది. బొటనవేలు చుట్టింది. పిడికిలి బిగించింది. గాజులు గలగలమన్నాయి.

తుపాకి ఒక్కసారి గర్జించింది. గండి రెండు గోడలూ ఆ శబ్దాన్ని ఒకదానికొకటి అందించుకున్నాయి. చిరుత గడప మీద కూలి, ఒక రెక్క లోపలికి, ఒక రెక్క బయటికి చాచి కదలకుండా పడింది. మిగిలినవి ఆ చప్పుడుకు చెదిరి, కీచుమంటూ పొగలోకి తిరిగిపోయాయి.

ధూమకేశుడు సుధన్వుడి చేతుల్లోంచి పొగలా జారాడు. నిజంగానే పొగై జారాడు. బండి మీద మళ్ళీ మనిషై లేచి, ఎడ్ల వీపుల మీద చెయ్యి వేశాడు. ఎడ్ల గిట్టల కింద మబ్బు పుట్టింది. బండి నేల విడిచి, తుపాకుల బరువుకు ఒక పక్కకు ఒరుగుతూ, ధూమగిరి వైపు లేచిపోయింది.

సుంకులు చిరుత రెక్కను దాటి లోపలికి వెళ్ళింది. పసివాడు ఉయ్యాలలో కూర్చోబోయి పడి, తనను చూసి తానే నవ్వుకుంటున్నాడు. ఆమె వాణ్ణి తీసుకుని గోడకు చేరగిలబడింది.  ఓబుళమ్మ వెళ్ళి పక్కన కూర్చుని, కోడలి రెండు చేతులూ తన మసి చేతుల్లో పెట్టుకుంది. 

బయట బొర్రయ్య అప్పటికే మూట కడుతున్నాడు. "ఆ కొండ మీద వంటకు కట్టెలు దొరుకుతాయా బాబూ?" అని మాత్రం అడిగాడు.

ఓబుళమ్మ తుపాకి తుడిచి తెచ్చి సుధన్వుడికి ఇవ్వబోయింది. "ఇది నీది. మీ నాయనకు చూపించుకో."

"మీ దగ్గర ఇంకొకటి లేదు కదమ్మా. చిరుతలు మళ్ళీ వస్తాయి. ఇది ఇక్కడే ఉండాలి. ఇలాంటివే ఇంకా చెయ్యండి. మా నాన్నగారికి నేను వచ్చి చెబుతాను."

"నువ్వు ఉత్త చేతుల్తో పోతావా, ఆ పొగకొండకు?"

సుధన్వుడు కట్టు కట్టిన వేలు చూసుకుని చిన్నగా నవ్వాడు. ఆమె అతని బుగ్గ మీద మసి చెయ్యి వేసింది. మరక పడింది. అతను తుడుచుకోలేదు.

గాలి ఎదురుగా కొడుతుండగా, ఆ తుపాకుల్ని వెనక్కి తేవడానికి ఇద్దరూ కొండదారి పట్టారు. అమావాస్య దగ్గరపడుతోంది. ఊరి తుపాకులన్నీ, మందు దట్టించినవి దట్టించినట్టే, ధూమకేశుడి బండిలో ఉన్నాయి. వాటిలో ఒక్కదానికీ రెండో మీట లేదు.